గౌలిపుర జ్వరం, ఉప్పుగూడ ల్యాబు

హైదరాబాద్ పాతబస్తీకి వెళ్తున్నానని చెప్పగానే మా కాకినాడలో తెలిసినవాళ్లంతా గాజులు తెమ్మన్నారు. మా తోటికోడలైతే కొలత కోసం తన పాత గాజు ఒకటి నా చేతిలో పెట్టింది. నేను వెళ్తున్నదీ చేతులకు తొడిగేవాటి పని మీదే. కాకపోతే అవి గాజులు కావు, గ్లౌజులు.

నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. మా ల్యాబు వృత్తివాళ్లకు ఒక సంఘం ఉంది. ఆ సంఘమూ, హైదరాబాద్‌లోని ఆరోగ్యశాఖా కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. రక్తం, కఫం, పశువులు, ఆసుపత్రి చెత్త వంటి వాటితో పనిచేసేవాళ్లు ఆ పని వల్లే జబ్బుపడకుండా చూడాలన్నది దాని ఉద్దేశం. మందులూ పరీక్షలూ శాఖవి, నేర్పేవాళ్లు సంఘంవాళ్లు. అందులో ఒక షరతు ఉంది. ఎవరైనా వచ్చి "నాకు సూది గుచ్చుకుంది", "నా మీద రక్తం ఒలికింది" అని చెప్పుకుంటే వాళ్ల పేరు బయటికి పోకూడదు, వాళ్ల ల్యాబుకు తాళం పడకూడదు. మా సంఘం పట్టుబట్టి పెట్టించిన షరతట అది. కాగితం మీద చదివినప్పుడు నాకు అదొక మామూలు వాక్యంలాగే కనిపించింది.

ఉప్పుగూడ

ఉప్పుగూడ స్టేషన్‌కు దగ్గరలో, బట్టల వ్యాపారం చేసే ఒక కుటుంబం ఇంటి మేడ మీద నాకు గది ఇచ్చారు. పొద్దున్నే కిటికీ తీస్తే టిఫిన్ డబ్బాలు పట్టుకుని రైలుకు పరుగెత్తే గుమాస్తాలు, కూలిపనులకు పోయే ఆడవాళ్లు. నాకు తోడుగా శాఖ పంపిన అధికారి జహీర్ గారు స్కూటర్ మీద వచ్చారు. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని ఉర్దూలో ముగిస్తారు.

"నాస్తా చేసిండ్రా మేడమ్? లేదు? ఫికర్ మత్ కరో, పదండి."

తీసుకెళ్లి కిచిడీ పెట్టించారు. మా వైపు పొద్దున్నే కిచిడీ తిన్నారంటే ఒంట్లో బాగాలేదని పలకరింపుకు వస్తారు. ఇక్కడ అది దర్జాగా తినే ఫలహారం. పసుపు పచ్చటి కిచిడీ, పక్కన అప్పడం, నువ్వులూ చింతపండూ కలిపి చేసిన ఖట్టా అనే పుల్లటి పులుసు. ఖీమా వద్దన్నందుకు వడ్డించే ఆయన నన్ను జాలిగా చూసి ఖట్టా రెండుసార్లు పోశాడు. ప్లేటు అరవై రూపాయలు. అంత పులుపు తినే ఊరు మా గోదావరి జిల్లాల బయట ఉంటుందనుకోలేదు.

ఫలహారం తిన్న హుషారు ఎంతోసేపు నిలవలేదు. జహీర్ గారి స్కూటర్ ముందు శాఖ గుర్తు అంటించి ఉంది. దాన్ని చూడగానే మొదటి ల్యాబువాళ్లు "సార్ లేరు" అన్నారు. రెండోచోట మేం బండి దిగేలోపే షట్టర్ దిగింది. సీల్ వేయడానికి వచ్చామనుకున్నారు. జహీర్ గారు ఎండలో నిలబడి ఆ గుర్తును గోటితో గీకి తీయబోయారు. సగమే ఊడింది. దాంతో ఇంకా అనుమానంగా తయారైంది.

తలుపు తెరిచి రమ్మన్నది ఒక్క యాదగిరి గారే. అరవై దగ్గరపడిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాతో. చిన్న ల్యాబే అయినా ఆ చుట్టుపక్కల రక్తం నుంచి క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష సొంతంగా చేసేది ఆయనొక్కడే. కూతురు రజిత అదే గదిలో రక్తం తీసి, రిపోర్టులు టైపు చేస్తుంది.

"రాండ్రి సాబ్, రాండ్రి మేడమ్. సీల్ ఏసేదుంటే చాయ్ తాగినంక ఏయుండ్రి" అని నవ్వాడు.

చిక్కటి చాయ్, నోట్లో పెడితే కరిగిపోయే ఉప్పుతీపి బిస్కెట్లు తెప్పించాడు. నేను 'అండీ' అన్నప్పుడల్లా తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. "మీ మాట మస్తుగున్నదమ్మా. ఇంకోపాలి అనుండ్రి" అన్నాడు.

మాటల్లో తన పనితనం చూపించాలనుకున్నాడు. క్రిములు పెరిగిన గాజు ప్లేటు ఒకటి తీసుకుని, మూత ఎత్తి, పువ్వును వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ద్రాక్షపండ్ల వాసన. గీడెవడో నాకు ఎర్కే. మిషిన్ ఎందుకమ్మా, నా ముక్కున్నది గదా!"

క్రిమిని సరిగ్గానే పోల్చాడు. మాకు పాఠం చెప్పిన పాతతరం మాస్టార్లకూ ఆ విద్య ఉండేది. అయినా నాకు ఒళ్లు జలదరించింది.

"యాదగిరి గారూ, అలా చేయకండి. వాసనతోపాటు క్రిమి కూడా లోపలికి పోతుందండీ."

"ముప్పై ఏండ్ల సంది గిట్లనే చేస్తున్న. నాకేమైంది? మంచిగనే ఉన్న గదా" అని, నా చేతిలో ఇంకో బిస్కెట్ పెట్టాడు. ఆయన ఆప్యాయత ముందు నా పాఠం వీగిపోయింది.

గౌలిపుర

మర్నాడు గౌలిపుర. ఒకప్పుడు పశువులను పెంచి ఊరందరికీ పాలు పోసిన కుటుంబాల పేట. ఇప్పుడు చాలా పాకలు పోయి మేడలు లేచాయి. అయినా కొన్ని సందుల్లో పేడ వాసన, కుడితి వాసన, పాలు కాగుతున్న వాసన కలిసి వస్తాయి. పశువులు కాసేవాళ్లకు చెప్పాల్సినవి పెద్ద అక్షరాలతో రాసి, బొమ్మలు వేసి, ఒక అట్ట తయారుచేసుకుని వెళ్లాను. గోడకు ఆనించి ఇటు తిరిగేసరికి ఒక గేదె దాన్ని తీరిగ్గా నమలసాగింది. లాగబోతే 'చేతులు సబ్బుతో' అన్న ముక్క నా చేతిలో మిగిలింది.

"గేదె తినేసిందండీ" అని నేను అరిస్తే సందులో వాళ్లంతా నవ్వారు. "గేదె కాదక్కా, బర్రె" అంటూ ఆ ఇంటి ఇల్లాలు బాలమణి బయటికొచ్చింది. "దానికి సదువు మీద మస్తు ప్రేమ. మా బిడ్డ పుస్తకం గూడ తిన్నది." నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, గ్లాసు నిండా వేడి పాలు ఇచ్చింది. మీద చిటికెన వేలంత మందాన మీగడ. డబ్బులు తీయబోతే చెయ్యి పట్టుకుని పర్సులో తిరిగి పెట్టించింది.

పాలు తాగుతుంటే లోపల ఎవరో మూలుగుతున్నారు. ఆమె భర్త మల్లేశ్. నలభై ఏళ్ల బలమైన మనిషి, మంచం మీద చలికాలంలోలాగా దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"పొద్దుమూకితే జరమొస్తది. పక్క తడిసేటట్టు చెమటలు. తెల్లారి తగ్గుతది. నడుము పట్టుకపోయింది, బర్రె కింద కూసోనికి రాదు" అంది బాలమణి. "టైఫాయిడ్ అన్నరు. మందులు మింగిండు. తగ్గుతది, మల్లొస్తది. నెలల సంది గిదే లొల్లి."

నేను పశువుల సంగతి అడిగాను. ఆమె గొంతు తగ్గించింది. ఎండాకాలంలో ఒక బర్రె నెలలు నిండకుండానే దూడను పారేసింది. దూడ వెనక పడాల్సిన మాయ పడకపోతే మల్లేశే చేయి పెట్టి తీశాడు. ఒట్టి చేతులతో, వేలి మీద గడ్డి కోసినప్పటి గాయంతో.

జబ్బు పేరు నా నాలుక చివరకు వచ్చింది. బ్రుసెల్లా. పశువుల్లో దూడలను పడగొట్టే క్రిమి. మాయలోంచి, పచ్చిపాలలోంచి మనిషికి వస్తుంది. మందులకు లొంగుతుంది గానీ, అది బ్రుసెల్లా అని ఎవరికైనా తట్టాలి.

"రక్తం ఎక్కడైనా ఇచ్చారా?"

"ఇచ్చిండక్కా. ఉప్పుగూడల యాదన్న ల్యాబుల. ఏందో మొలిసిందట. ఏందో సమజైతలేదు, ఇంగ చూస్త అన్నడట."

చేతిలోని పాలగ్లాసు కింద పెట్టేశాను. మామూలు క్రిములు ప్లేటులో ఉన్నంతసేపు ఊరుకుంటాయి. దీని సంగతి వేరు. మూత తీస్తే గాలిలో కలిసి ఊపిరితో లోపలికి పోతుంది. ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు అంటుకునే జబ్బుల్లో పేరుమోసినది ఇదే. ఆ ప్లేటును పోల్చలేక యాదగిరి గారు ఏం చేస్తారో నేను నిన్ననే కళ్లారా చూశాను.

జహీర్ గారు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు. "యాదన్నా, గౌలిపుర మల్లేశ్ ప్లేటు ఏడున్నది?"

"నా చేతులనే ఉన్నది సాబ్. గిప్పుడే మూత తీసిన. సన్నగ మంచు చుక్కల లెక్క ఉన్నది, పరేషాన్ జేస్తున్నది..."

నేను ఫోన్ లాక్కున్నాను. "మూత పెట్టేయండి! ఊపిరి బిగబట్టి మూత పెట్టి, ఫ్యాన్ ఆపి, రజితను తీసుకుని బయటికి వచ్చేయండి. తలుపు వేయండి."

గాజు మీద గాజు పడిన చప్పుడు. అడుగుల చప్పుడు. తలుపు. తర్వాత ఆయన గొంతు, వీధిలోంచి. "వచ్చినం. ఏమైంది మేడమ్?"

"దాన్ని వాసన చూశారా?"

"నిన్న చూసిన. మొన్న గూడ. గియ్యాల ముక్కు కాడికి తెచ్చినప్పుడే మీ ఫోనొచ్చింది."

మళ్లీ ఉప్పుగూడ

మేం వెళ్లేసరికి తండ్రీకూతుళ్లు ల్యాబు మెట్ల మీద కూర్చున్నారు. నేను నెమ్మదిగా అంతా చెప్పాను. జబ్బు వస్తుందని కాదు, రావచ్చు. రాకుండా ముందే మందులు వాడవచ్చు. మూడు వారాలు. ఆ తర్వాత కొన్ని నెలలు పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఆయన తన గురించి ఒక్క మాటా అడగలేదు. "బిడ్డ గూడ గదే గదిల ఉన్నది" అన్నాడు.

"ఆమెకూ మందులు ఇద్దామండీ."

రజిత తండ్రి వీపు నిమురుతూ ఉంది. ఆయన తలెత్తి జహీర్ గారి వైపు చూశాడు. నిన్నటి నవ్వు లేదు. "ఇగ మీ పని మీరు చేయుండ్రి సాబ్. తాళం తెచ్చిండ్రా? గీ ల్యాబు పోతే మేం బజార్ల పడ్తం. గింతే గదా."

జహీర్ గారు ఫోన్ తీసి పై అధికారికి చేశారు. పక్క మందుల దుకాణం ఆయన, ఎదురుగా ఇంకో ల్యాబు నడిపే ఆయన, షట్టర్ సగం ఎత్తి వింటూనే ఉన్నారు.

"సర్, అనుమానం ఉన్న ప్లేట్లు పెద్ద ల్యాబుకు పంపాలె. ఇద్దరికి మందులు గియ్యాలనే షురూ చేయాలె... ల్యాబ్ పేరా? పేరు చెప్పను సర్." అవతల గొంతు పెద్దదైంది. మాటలు తెలియకపోయినా కోపం మాకు వినిపించింది. జహీర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "రికార్డుకైనా చెప్పలేను సర్. ప్లేటు మీద నంబర్ ఉంటది, గది చాలు. చెప్పినోళ్ల పేరు బయటకు పోదని సంతకం చేసింది మనమే గదా సర్. గిప్పుడు నేను చెప్తే రేపటి సంది ఎవ్వరు నోరిప్పరు."

ఆయన చొక్కా వీపు మీద చెమట పాకింది. ఆ ఉద్యోగం ఆయనకు ఎంత అవసరమో నాకు తెలియదు గానీ, ఆ క్షణంలో దాన్ని పణంగా పెట్టి నిలబడ్డారని తెలుస్తోంది. చివరికి "జీ సర్... జీ... షుక్రియా సర్" అని ఫోన్ పెట్టేశారు.

"మందులు సాయంత్రం కల్లా వస్తయి" అన్నారు యాదగిరి గారితో. "తాళం నా దగ్గర లేదు యాదన్నా. నా దగ్గర ఉన్నది ఇంటి తాళమే."

కాగితం మీద మామూలుగా కనిపించిన వాక్యం విలువ నాకు అప్పుడు అర్థమైంది.

ముక్కూ నోరూ గట్టిగా మూసే మాస్కు, గౌను, రెండు జతల గ్లౌజులు వేసుకుని నేనే లోపలికి వెళ్లాను. ప్లేట్లకు టేపు చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో, దాన్ని పెట్టెలో పెట్టాను. ల్యాబు శుభ్రం చేయించాక గానీ తెరవలేదు. ఆ మందులకు మూత్రం నారింజ రంగులోకి మారుతుందని చెప్పడం మాత్రం మరిచిపోయాను. మర్నాడు తెల్లవారగానే యాదగిరి గారి ఫోన్. "మేడమ్! అంత అయిపోయింది నాకు!" సంగతి విని నాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి ఆయనా నవ్వాడు. ప్లేటు సంగతి తెలిశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

చార్మినార్ వైపు, మళ్లీ గౌలిపుర

మల్లేశ్‌కు మళ్లీ రక్తపరీక్ష చేయించి, ఫలితం కోసం చూస్తూ గాజుల కొట్లకు వెళ్లాను. లక్కను నిప్పుల మీద కరిగించి, గాజుగా చుట్టి, మెరిసే రాళ్లు అద్దుతున్నాడు ఒక పెద్దాయన. తోటికోడలి గాజు చూపిస్తే వేలితో తిప్పి, "చేయి జర బొద్దుగున్నది. ఆమె సంతోషంగ ఉంటదా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "అయితే ఇంకో సైజు పెద్దది తీస్కోండి అమ్మా" అన్నాడు. ఆ సలహా ఎంత మంచిదో కాకినాడ వచ్చాక తెలిసింది.

అక్కడుండగానే ఫోన్ వచ్చింది. మల్లేశ్‌ది బ్రుసెల్లానే.

బాలమణికి ఆ మాట చెప్పడం కష్టమైంది. ఆమె జ్వరం తగ్గుతుందన్నందుకు దణ్ణం పెట్టింది గానీ, వెంటనే వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "గీ ముచ్చట బయటకు పోతే మా పాలు ఎవ్వరు తీస్కోరక్కా. మేం బతుకుడెట్ల?"

జహీర్ గారు అరుగు మీద ఆమె ఎదురుగా కూర్చున్నారు. "పేరు పోదు బాలమ్మా. పశువుల డాక్టర్ వచ్చి అన్ని బర్రెలకు పరీక్ష చేస్తడు. మంచిగున్నవాటి పాలు అమ్ముకో, కాచుకుని తాగమని చెప్పు. రోగమున్నదాన్ని అలగ్ కట్టాలె, దాని పాలు అమ్మద్దు."

పరీక్షలో ఒక్కదానికే ఉందని తేలింది, దూడ పడిపోయినదానికి. దాన్ని పెరటి చివర కొత్తగా వేసిన రేకుల కిందికి తోలుతూ బాలమణి కళ్లు తుడుచుకుంది. తర్వాత మా పెట్టెలోంచి మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు తీసి తొడుక్కుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "పెండ్లికూతురి లెక్క ఉన్ననా అక్కా?" అంది, ఇంకా ఏడుస్తూనే.

మీకు ఆత్రం ఉంటుంది కనుక ముందే చెబుతున్నాను. నెలన్నర మందుల తర్వాత మల్లేశ్ లేచి మళ్లీ పాలు పితికాడు. యాదగిరి గారికి, రజితకు ఇప్పటిదాకా చేసిన పరీక్షలన్నిటిలో ఏమీ లేదనే వచ్చింది.

చాంద్రాయణగుట్ట

చివరిరోజు సభ. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్‌కు కాస్త అవతల ఒక ఫంక్షన్ హాలు. బయట బస్సుల హారన్లు, లోపల నిన్నటి పెళ్లి బంతిపూలు ఇంకా వాడలేదు. షట్టర్లు దించేసిన ల్యాబులవాళ్లు చాలామంది వచ్చారు. ఉప్పుగూడ వీధిలో జహీర్ గారి ఫోన్ విన్నవాళ్లు నలుగురికీ చెప్పినట్టున్నారు. అయినా అందరూ తలుపుకు దగ్గరగా వెనక వరసల్లో సర్దుకున్నారు. నేను గ్లౌజుల గురించి, మూతల గురించి చెప్పాను. మర్యాదగా విన్నారు. "ఎవరికైనా ఎప్పుడైనా ఏదైనా జరిగిందా?" అని అడిగితే ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు యాదగిరి గారు లేచాడు. మేం అడగలేదు. పేరు బయట పెట్టబోమని మాటిచ్చిన జహీర్ గారైతే కంగారుపడి "యాదన్నా, వద్దు" అని చేయి పట్టుకున్నారు. ఆయన ఆ చేతిని మెల్లగా తీసి, వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడ్డాడు.

"నా పేరు నేనే చెప్త. నన్ను మీరందరు ఎరుగుదురు. నా ముక్కు గురించి గూడ ఎరుగుదురు." కొందరు నవ్వారు. "గా ముక్కుతోటి నేను రోగాన్ని ఇంట్లకు తెచ్చిన. మేడమ్ వద్దంటె నవ్విన. గిప్పుడు మందులు మింగుతున్న. నాకు ఫికర్ లేదు. నా బిడ్డ గూడ మింగుతున్నది. పొద్దుగాల నా బిడ్డ గోలి ఏసుకుంటుంటె నేను చూస్తలేను, మొకం తిప్పుకుంటున్న." జహీర్ గారి వైపు చేయి చూపాడు. "గీ సాబ్ నా పేరు చెప్పలే. నౌకరి పోయినా చెప్పనన్నడు. గందుకే నేను చెప్తున్న. దాసుకోకుండ్రి. గింతే."

నాలుగో వరసలోంచి రజిత లేచి నిలబడింది. తండ్రిని తీసుకెళ్లడానికి లేచిందనుకున్నాను.

"నిరుడు నాకు సూది గుచ్చుకున్నది" అంది. మైకు లేదు, అయినా అందరికీ వినిపించింది. "పేషెంట్‌ది రక్తం తీస్తుంటె. బాపుకు చెప్పలే. ల్యాబుకు చెడ్డపేరొస్తదని భయపడ్డ. గప్పటి సంది రోజు భయపడుతనే ఉన్న."

యాదగిరి గారు వేదిక దిగి, కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ ఆమె దగ్గరకు వెళ్లాడు. "ఏ చెయ్యి?" అన్నాడు. ఆమె ఎడమచేయి చాపి బొటనవేలు చూపించింది. ఆయన ఆ బొటనవేలిని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మర్నాడే ఆమెకు పరీక్షలన్నీ చేయించారు, అన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆ నిమిషంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

తలుపు దగ్గర కూర్చున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "నాక్కూడ..." అన్నాడు. ఆయన పక్కన బురఖాలో ఉన్న అమ్మాయి చేయి ఎత్తింది. తర్వాత ఇంకొకరు. జహీర్ గారు తను రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నారు. వేదిక మీది కుర్చీని ఎత్తుకుని కిందికి దిగి, వాళ్ల మధ్య వేసుకుని కూర్చున్నారు. నేనూ నా కుర్చీ తెచ్చుకున్నాను.

వంటాయన రెండుసార్లు వచ్చి భోజనాలు చల్లారిపోతున్నాయని చెప్పి వెళ్లాడు. ఎవరూ లేవలేదు.